పోయినవాళ్ల పేరు మీద పరుగు: ఒక పాత కథ, మన పేటల ముందున్న ఒక ప్రశ్న



పోయినవాళ్లను గుర్తుపెట్టుకునే పద్ధతులు మనకు చాలానే ఉన్నాయి. ఏడాది తిరిగితే సంవత్సరీకం పెడతాం. ఉన్నంతలో అన్నదానం చేస్తాం. ఎండాకాలం చౌక్‌లో చలివేంద్రం పెట్టి, బ్యానర్ మీద నాయన ఫోటో వేయిస్తాం. గుడికి ఫ్యాను ఇస్తే రెక్కల మీద పేరు రాయిస్తాం, ఫ్యాను తిరుగుతున్నంత సేపు ఆ పేరు ఎవరూ చదవలేకపోయినా సరే. పిల్లలకు నోటు పుస్తకాలు పంచుతాం. ఇవన్నీ మంచివే. ఏ ఒక్కటీ మానమని మనం అనడం లేదు.

ఈ మధ్య మన గల్లీల్లో ఇంకో మాట వినబడుతోంది. పొద్దున్నే లేచి పరిగెత్తే పిల్లలు పెరిగారు. వాళ్లలో కొందరు అంటున్నారు: "తాత పేరు మీద అన్నం పెట్టినట్టే, తాత పేరు మీద పరిగెత్తితే తప్పేంటి?" పెద్దల్లో కొందరికి ఇది నచ్చలేదు. "చావు పేరు మీద పరుగు పందెమా? టీషర్టు మీద ఫోటో వేసుకుని ఉరికితే పోయినవాళ్లకు ఏం ఒరుగుతుంది?" అని వాళ్లు అడుగుతున్నారు. రెండు మాటల్లోనూ పస ఉంది. కాబట్టి ఒక పక్షం పట్టే ముందు, ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది, ఎట్లా పెరిగింది, ఎక్కడ మంచి చేసింది, ఎక్కడ దారి తప్పింది అని కొంచెం ఓపికగా చూద్దాం.

ముందు ఆ పేరు సంగతి. మారథాన్ అనేది గ్రీసు దేశంలో ఒక మైదానం. క్రీస్తుపూర్వం 490లో అక్కడ ఏథెన్స్ వాళ్లకూ పర్షియా సైన్యానికీ యుద్ధం జరిగింది, ఏథెన్స్ గెలిచింది. గెలిచిన వార్త చెప్పడానికి ఒక వార్తాహరుడు ఏథెన్స్ దాకా పరిగెత్తి, ఆ మాట చెప్పి అక్కడే ప్రాణం విడిచాడని మనందరం విన్న కథ. అయితే ఆ కాలానికి దగ్గరివాడైన చరిత్రకారుడు హెరొడోటస్ ఈ కథ రాయలేదు. ఆయన రాసింది ఫిలిప్పిడీస్ అనే వార్తాహరుడి గురించి. అతను యుద్ధానికి ముందు సాయం అడగడానికి ఏథెన్స్ నుంచి స్పార్టాకు పరిగెత్తాడు. అది దాదాపు 240 కిలోమీటర్ల దారి, మర్నాటికే చేరాడట. వార్త చెప్పి చనిపోయిన మనిషి కథ వందల ఏళ్ల తర్వాత ప్లూటార్క్ రాతల్లో కనబడుతుంది, అక్కడ అతని పేరు వేరు.

అంటే ఏమిటి? ప్రపంచమంతా పరిగెత్తే ఈ పరుగు, పేరు కూడా సరిగా తేలని ఒక పనివాడి జ్ఞాపకం. అతను రాజు కాదు, సేనాపతి కాదు. కబురు మోయడం అతని ఉద్యోగం. 1896లో ఏథెన్స్‌లో కొత్తగా ఒలింపిక్స్ మొదలుపెట్టినప్పుడు మిషెల్ బ్రేల్ అనే ఫ్రెంచి పండితుడు, ఆ వార్తాహరుడి గుర్తుగా మారథాన్ నుంచి ఏథెన్స్ దాకా పరుగు పెట్టమని సలహా ఇచ్చాడు. దూరం సుమారు 40 కిలోమీటర్లు. గెలిచినవాడు స్పిరిడాన్ లూయిస్, నీళ్లు మోసి బతికే మనిషి. ఆ పరుగులో ఆడవాళ్లకు చోటు లేదు. స్టమాటా రెవితి అనే పేద తల్లి తననూ పరిగెత్తనివ్వమని అడిగితే ఒప్పుకోలేదు. ఆమె మర్నాడు ఒంటరిగా అదే దారిలో పరిగెత్తింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ రావడానికి 1984 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడున్న 42.195 కిలోమీటర్ల లెక్క 1908 లండన్ ఒలింపిక్స్‌లో వచ్చింది. విండ్సర్ కోట దగ్గర మొదలై, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటు ముందు ముగిసేట్టు దారి వేస్తే ఆ దూరం వచ్చింది. 1921లో దాన్నే ఖాయం చేశారు. ఆ అంకెలో మహత్యం ఏమీ లేదు, ఒక కోట గుమ్మం నుంచి ఒక కుర్చీ దాకా ఉన్న దూరం అంతే. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో పోర్చుగల్ యువకుడు ఫ్రాన్సిస్కో లాజరో దారిలో కూలిపోయి మర్నాడు చనిపోయాడు. పెద్దల భయం ఊరికే పుట్టింది కాదు. జ్ఞాపకం కోసం మొదలైన పరుగు ఇంకొకరి జ్ఞాపకంగా మిగలకూడదు.

మన వైపు మనుషులు ఈ పరుగులోకి ఎప్పుడు వచ్చారు? చాలా తొందరగానే. 1920లో బెల్జియంలోని ఆంట్‌వర్ప్ ఒలింపిక్స్‌కు దొరాబ్జీ టాటా చొరవతో ఒక చిన్న జట్టు వెళ్లింది. అందులో బెళగావికి చెందిన ఫడెప్ప దారెప్ప చౌగులే మారథాన్ పరిగెత్తాడు. ఆ ఏడు దూరం మామూలుకంటే ఎక్కువ, 42.75 కిలోమీటర్లు. 2 గంటల 50 నిమిషాల చిల్లరలో ముగించి 19వ స్థానంలో నిలిచాడు. బెళగావి మనకు ఎంత దూరం? కాబట్టి ఇది విదేశీ మోజు అని ఎవరైనా అంటే, మన పక్క జిల్లాలాంటి ఊరి మనిషి నూరేళ్ల కిందే దీన్ని పరిగెత్తాడని చెప్పవచ్చు.

ఇక అసలు విషయానికి వద్దాం. చనిపోయినవాళ్ల పేరు మీదనే మొదలై ఇప్పటికీ నడుస్తున్న పెద్ద పరుగు ఒకటుంది. అది దక్షిణాఫ్రికాలోని కామ్రేడ్స్ మారథాన్. పేరుకు మారథాన్ గానీ, డర్బన్‌కూ పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కూ మధ్య సుమారు 90 కిలోమీటర్ల దారి. విక్ క్లాఫమ్ అనే రైల్వే ఉద్యోగి మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో సిపాయిగా వందల మైళ్లు నడిచాడు. తిరిగి వచ్చాక, చనిపోయిన తోటివాళ్లకు రాతి స్తంభం కంటే వాళ్లు పడిన కష్టాన్ని గుర్తుచేసే పరుగు మేలనుకున్నాడు. మొదట అనుమతి ఇవ్వలేదు. పట్టు వదలకుండా అడిగి 1921 మే 24న మొదటి పరుగు జరిపించాడు. 34 మంది బయలుదేరారు, 16 మంది చేరారు.

బంధువులారా, ఆ డర్బన్, ఆ పీటర్‌మారిట్జ్‌బర్గ్ మనకు పరాయి ఊర్లు కావు. 1860 నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. అక్కడ 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. మన తాతలు కరువుకు నడిచి షోలాపూర్ చేరినట్టే, వాళ్ల తాతలు సముద్రం దాటి నటాల్ చేరారు. ఆ పరుగు వాళ్ల ఊర్ల మధ్యనే జరిగేది. కానీ వాళ్లు అందులో పరిగెత్తడానికి వీల్లేదు. తెల్లవాళ్లలో మగవాళ్లకే అనుమతి. 1923లో ఫ్రాన్సెస్ హేవార్డ్ అనే మహిళ, 1935లో రాబర్ట్ మ్‌చాలీ అనే నల్లజాతి మనిషి లెక్కలోకి రాకుండానే దారంతా పరిగెత్తారు. నలుపు తెలుపు, ఆడ మగ తేడా లేకుండా అధికారికంగా తలుపు తెరిచింది 1975లో. అంటే 54 ఏళ్ల తర్వాత.

ఆ యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో బరువులు మోసి, జ్వరాలతో, ఆకలితో వేలాదిగా చనిపోయినవాళ్లు నల్లజాతి కూలీలు. వాళ్లూ ఆ దారుల్లో నడిచినవాళ్లే. చనిపోయిన తోటివాళ్ల కోసం పెట్టిన పరుగులో వాళ్ల పిల్లలకు చోటు లేకపోయింది. క్లాఫమ్ మనసు మంచిదే కావచ్చు. అయినా జ్ఞాపకానికి ఒక గేటు పెడితే, గేటు బయట ఉన్నవాళ్ల చావు చావు కాదని చెప్పినట్టే అవుతుంది. మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇది: ఎవరి పేరు మీద పరిగెత్తుతున్నాం అన్నదాంతో పాటు, ఎవరిని పరిగెత్తనిస్తున్నాం అన్నది కూడా చూసుకోవాలి.

రెండో పాఠం కెనడా నుంచి. టెర్రీ ఫాక్స్ అనే కుర్రాడికి ఎముక క్యాన్సర్ వల్ల 1977లో కుడికాలు తీసేశారు. అప్పుడు వయసు 18. ఆస్పత్రిలో తనతో ఉన్న పిల్లల బాధ చూసి, క్యాన్సర్ పరిశోధనకు డబ్బు కూడబెట్టాలని కట్టెకాలితో దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తాలనుకున్నాడు. 1980 ఏప్రిల్ 12న మొదలుపెట్టి, రోజూ దాదాపు ఒక మారథాన్ దూరం చొప్పున 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకితే ఆగక తప్పలేదు. 1981 జూన్ 28న చనిపోయాడు. ఆ సెప్టెంబరులోనే అతని పేరు మీద దేశమంతా పరుగు జరిగింది, 3 లక్షల మంది వచ్చారు. ఆ పరుగులో గెలిచినవాళ్లు ఓడినవాళ్లు లేరు, బహుమతి లేదు. పరిగెత్తలేనివాళ్లు నడవవచ్చు, చక్రాల కుర్చీలో రావచ్చు. వచ్చిన డబ్బు ఆ కుర్రాణ్ని చంపిన జబ్బు మీదనే ఖర్చు పెడతారు. పందెంలా కనబడే ఆ పరుగు లోపల దానధర్మమే. పోయినవాడి బాధ ఇంకొకరికి రాకుండా చూడడమే అతనికి పెట్టే పిండం.

ఇట్లాంటి పని మనవాళ్లు కూడా చేశారు. చింతకింది మల్లేశం గారి సంగతి మన ఇళ్లలో తెలియనివాళ్లు లేరు. తల్లి లక్ష్మి గారు ఆసు పోస్తూ భుజాల నొప్పితో పడే బాధ చూడలేక ఆసు యంత్రం తయారుచేసి, దానికి తల్లి పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆమె పేరు పలకల మీద చెక్కించలేదు. ఎంతో మంది ఆడవాళ్ల భుజాలకు దొరికిన విశ్రాంతిలో ఆ పేరు ఉంది.

ఇప్పుడు మన పేటల్లోకి వద్దాం. పరుగు మనకు అలవాటు లేని పని అని అంటారు గానీ, మన పనే దూరం లెక్కల పని. 46 అంగుళాల పన్నా, అంగుళానికి 60 పోగులు అనుకోండి. మొత్తం 2,760 పోగులు. చీర పొడవు ఐదున్నర మీటర్లు. అంటే ఒక్క చీర పడుగులోనే 15 కిలోమీటర్ల పైచిలుకు నూలు. మూడు చీరల పడుగు కలిపితే మారథాన్ దూరం దాటిపోతుంది. ఆ నూలంతా ఎవరో ఒకరి చేతుల మీదుగా నడిచిందే. పూర్వం గల్లీలో పడుగు సాగదీసి, గంజి పెట్టి, కుంచె పట్టుకుని ఈ కొన నుంచి ఆ కొనకు తిరిగిన కాళ్లు ఎన్ని మైళ్లు తిరిగాయో ఎవరు లెక్కపెట్టారు? 1870లలో ఇక్కడ మిల్లు వచ్చి, 1876–78 కరువు ఊర్లను ఖాళీ చేసినప్పుడు, నైజాం ఇలాకా నుంచి మూట నెత్తిన పెట్టుకుని వచ్చినవాళ్లు ఏ దూరం నడిచారో ఏ గడియారం చూసింది? నుళి పున్నమ నాడు మార్కండేయ రథం వెంట ఇంటిల్లిపాదీ నడిచే అలవాటు మనకు ఉండనే ఉంది.

మరి ఎవరి పేరు మీద పరిగెత్తాలి? మన ఊరికి జనవరి 12 ఒక మామూలు తేదీ కాదు. 1930 మే నెలలో గాంధీజీని అరెస్టు చేశారన్న వార్త రాగానే షోలాపూర్ మిల్లు కార్మికులు పని ఆపేసి రోడ్డెక్కారు. మే 8న పోలీసులు కాల్పులు జరిపారు, శంకర్ శివదారే అనే యువకుడు నేలకొరిగాడు. కొన్ని రోజులు ఊళ్లో దొరల పాలన సాగలేదు. మే 12 నుంచి జూన్ 30 దాకా మార్షల్ లా పెట్టారు. గాంధీ టోపీ పెట్టుకున్నా నేరమే అయింది. ఆ తర్వాత ఇద్దరు పోలీసుల హత్య కేసు పెట్టి నలుగురిని 1931 జనవరి 12న పూణే ఎరవాడ జైల్లో ఉరి తీశారు. మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ శిందే, అబ్దుల్ రసూల్ కుర్బాన్ హుసేన్. చార్ పుతళా దగ్గర ఆ నలుగురినీ మనం రోజూ చూస్తూ పోతుంటాం.

ఆ నలుగురిలో తెలుగు ఇంటిపేరు లేదు. ఒకరిది కన్నడ ఇల్లు, ఒకరిది మరాఠీ ఇల్లు, ఒకరు మార్వాడీ, ఒకరు ముస్లిం. "అట్లయితే మన సమాజం పరుగు వాళ్ల పేరు మీద ఎందుకు?" అని ఎవరైనా అడగవచ్చు. కామ్రేడ్స్ కథ చెప్పింది ఇందుకే. ఆ రోజు మిల్లు గేటు ముందు నిలబడినవాళ్లు ఒకరి భాష ఒకరు అడగలేదు. నూలు కండెకు ఏ భాష వస్తుంది? మన తాతలు ఆ మిల్లుల్లో, ఆ మిల్లుల నూలుతో నడిచే మగ్గాల మీద బతికారు. నటాల్ దారిలో తెలుగువాళ్లను గేటు బయట నిలబెట్టడం మనకు కష్టంగా తోస్తే, మన ఊళ్లో అమరులకు ఇంటిపేరు అడిగే గేటు మనమే పెట్టకూడదు.

అయితే అమరులు నలుగురే కాదు. విగ్రహం లేకుండా పోయినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. సాంచాల గదుల్లో ముప్పై నలభై ఏళ్లు దూది దుమ్ము పీల్చి, దగ్గి దగ్గి పోయినవాళ్లు. పొగాకు ధూళిలో బీడీలు చుడుతూ ఆయాసం తెచ్చుకున్న అమ్మలు, అత్తలు. నూలు దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు వైద్యశాస్త్రంలో బిస్సినోసిస్ అని పేరు. సెలవు తర్వాత మొదటి రోజు పనికి పోగానే ఛాతీ బిగబట్టినట్టు ఉండడం దాని తొలి గుర్తు. దూది శుభ్రం చేసే, నూలు వడికే గదుల్లో ఇది ఎక్కువ. మన దేశంలో ఫ్యాక్టరీల చట్టం దీన్ని వృత్తి జబ్బుగా గుర్తించింది కూడా. కానీ కరెంటు మీద నడిచినా కొద్దిమందే పనిచేసే చిన్న కార్ఖానాలు మామూలుగా ఆ చట్టం కిందికి రాలేదు. మన సాంచాలు ఎక్కువ భాగం అట్లాంటి చిన్న కార్ఖానాల్లో, ఇళ్ల వెనక గదుల్లో ఉన్నవే. కాబట్టి మనవాళ్ల దగ్గును ఎవరూ లెక్కలో రాయలేదు. "దమ్ము జబ్బుతో పోయాడు" అని నాలుగు మాటలు అనుకుని పన్నెండో రోజు ముగించాం.

పరుగంటే ఊపిరి. ఊపిరి ఆడక పోయినవాళ్ల పేరు మీద ఊపిరి ఉన్నవాళ్లు పరిగెత్తడం ఆటగా అనిపిస్తే, అది మనం ఆటలా చేస్తేనే. టీషర్టు, డీజే, సెల్ఫీలతో ముగిస్తే పెద్దల మాటే నిజమవుతుంది. పరుగు తర్వాత ఏదైనా మిగిలితే పిల్లల మాట నిలబడుతుంది.

అందుకే సంఘం ముందు మనం పెడుతున్న మాటలు ఇవి. చర్చించండి, మార్చండి, కానీ పక్కన పెట్టకండి.

జనవరి 12 పొద్దున, గడ్డా జాతర సందడికి ముందు, అశోక్ చౌక్ నుంచి చార్ పుతళా దాకా పరుగు పెడదాం. 42 కిలోమీటర్లు అక్కర్లేదు. ఆ అంకె రాజుగారి కుర్చీ లెక్క అని చూశాం కదా. పరిగెత్తగలవాళ్లు పరిగెత్తుతారు, మిగతావాళ్లు నడుస్తారు. ఫీజు వద్దు, కప్పు వద్దు, మొదటి రెండో మూడో స్థానాలు వద్దు. ఏ భాష వాళ్లయినా, ఏ పేట వాళ్లయినా రావచ్చు. బీడీలు చుట్టే ఆడవాళ్లు ముందు వరసలో నడవాలి. స్టమాటా రెవితిని మర్నాడు ఒంటరిగా పరిగెత్తించిన తప్పు మన దగ్గర జరగకూడదు.

ఛాతీ మీద నంబరు బదులు ఒక పేరు ఉండాలి. నలుగురు అమరుల్లో ఒకరి పేరు, లేదా మీ ఇంట్లో దగ్గుతో పోయినవాళ్ల పేరు. పక్కన వాళ్లు చేసిన పని రాయాలి: సాంచా నడిపినాయన, కండెలు చుట్టిన అమ్మ, బీడీలు చుట్టిన అత్త. ఆ పేర్లు, వయసు, ఎన్నేళ్లు ఏ పని చేశారు, ఏ బాధతో పోయారు అనే వివరాలు సంఘం ఒక వహీలో ఇంటింటికీ తిరిగి రాసుకోవాలి. పేరు బయట పెట్టడం ఇష్టం లేని ఇల్లు ఉంటే పేరు లేకుండానే రాయాలి. రేపు ఎవరైనా అధికారి "లెక్క ఏది?" అని అడిగితే చూపించడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

వచ్చిన చందాతో భోజనాలు కాకుండా ఊపిరి పరీక్ష శిబిరం పెడదాం. గొట్టంలో ఊదించి ఊపిరితిత్తుల బలం కొలిచే యంత్రంతో పది నిమిషాల్లో పరీక్ష అయిపోతుంది. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవాళ్లను తీసుకెళ్లి కళ్లె పరీక్ష చేయించాలి. క్షయ పరీక్ష, మందులు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితమే. లేనిది డబ్బు కాదు, వెంట వచ్చే మనిషి. పరిగెత్తే ప్రతి కుర్రాడూ ఆ వారంలో ఒక్క పెద్దమనిషిని పరీక్షకు తీసుకెళ్లాలి. పరిగెత్తేవాళ్లలో కూడా నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందుగా డాక్టరును అడిగే రావాలి.

ఇంత చేయగలిగితే, పోయినవాళ్లకు ఏం ఒరిగింది అని అడిగిన పెద్దలకు జవాబు దొరుకుతుంది. ఫ్యాను రెక్క మీది పేరు తిరిగినంతసేపు కనబడదు. పరీక్ష చేయించుకుని మందు వేసుకున్న మనిషి మాత్రం మన కళ్ల ముందు గల్లీలో తిరుగుతూనే ఉంటాడు.

వచ్చే నెల సంఘం మీటింగుకు మీ ఇంటి నుంచి ఒక్కరైనా రండి. వచ్చేటప్పుడు మీ ఇంట్లో దమ్ముతో పోయిన ఒక్కరి పేరు కాగితం మీద రాసి తీసుకురండి. పరుగు సంగతి ఆ కాగితాలు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

జై మార్కండేయ.